టిక్కెట్టు వెనకాల

పింఛను మూడువేల నాలుగొందల ఎనబై.
గ్రాట్యుటీ డబ్బు మీద వడ్డీ ఐదువేల రెండొందలు.
ఇది పెరగదు.
పెరిగేటివి వేరే ఉండాయి:
గ్రీమ్స్‌పేటలో ఇంటి బాడుగ,
మొగిలమ్మ ఒంట్లో చక్కెర,
ఆ చక్కెరకి మాత్రలు.

బస్టాండు ఎదురుగా టీ అంగట్లో
బాబ్జాను ఫోను ముందర పెట్టినాడు.
ఇరవై రెండేళ్ళు నా బండికి డ్రైవరు,
ఒక్కనాడూ దారి అడగనోడు,
ఇప్పుడు ప్రపంచపటాన్ని వేలితో తోస్తా ఉండాడు.
"వియత్నామంట కండక్టరా, చేపలు చవకంట.
జార్జియా అంట, చలి జాస్తి.
నేపాలుకైతే వీసా గూడా వద్దంట."
"ఆర్డినరీ పోతుందా, ఎక్స్‌ప్రెస్సేనా?" అన్నా.
వాడు నవ్వలేదు.
వాడి పింఛను నాకన్నా రెండొందలు తక్కువ.

మాకు పరదేశమంటే నరహరిపేట చెక్‌పోస్టు.
దాటితే అరవం. పడమర పోతే నంగిలి, కన్నడం.
మూడు భాషల్లో చిల్లర లేదని చెప్పినోణ్ణి,
మూడు భాషల్లోనూ తిట్లు తిన్నోణ్ణి.
సరే, చూసొద్దామని బయల్దేరినాము,
మంగళవారం ఒక ఊరు, శుక్రవారం ఒక ఊరు.
పాసు నాకే. ఆమెకి టిక్కెట్టు.
సద్ది క్యారియరు, మాత్రల సంచి,
దారంతో పెన్సిలు కట్టిన నోటుబుక్కు.

గుడియాత్తంలో కాయగూరలు చవక.
బియ్యం కార్డు చూపితే అంగడాయన
అటూ ఇటూ తిప్పి చూసి,
వేరే ఇంటికి పోవాల్సిన పెండ్లిపత్రిక మాదిరి
పదిలంగా తిరిగిచ్చినాడు.
పలమనేరులో ఎండాకాలం కూడా దుప్పటి కావాలంట.
అడ్వాన్సు పది నెలలంట.
ఆ చల్లదనం ఎవరికో ముందే రిజర్వేషను అయిపోయింది.
ముళబాగిల్లో ఇల్లు బాగుంది, మెట్లు పంతొమ్మిది.
మొగిలమ్మ కింద నిలబడి లెక్కపెట్టింది,
ఎక్కలేదు.
తిరుపతి పేరే ఎత్తొద్దనింది.
"దేవుడి పక్కన బాడుగ మనం మొయ్యలేము.
ఏడాదికొకసారి చుట్టాల మాదిరి పోయొద్దాము, చాలు."

ప్రతి ఊర్లో కొళాయి నీళ్ళు నాలిక్కి తగిలించుకుంటాది.
పక్కింటోళ్ళని ఒక్కటే అడుగుతాది:
రాత్రిపూట బాగలేకపోతే ఎవర్ని లేపుతారు?
ఎక్కువమంది ఆటో నంబరు ఇచ్చినారు.

దామలచెరువు.
ముప్పై ఒక్కేళ్ళు, రోజుకి నాలుగుసార్లు
విజిలేసి ఆపిన స్టేజీ.
ఒక్కనాడూ కాలు కింద పెట్టలేదు.
జూన్‌లో మామిడిగంపలు టాపెక్కుతాయి,
బస్సంతా సొన వాసన,
లగేజీ టిక్కెట్టు కాడ తగువులు.
అంతే నాకు తెలిసిన ఊరు.

చిన్న మిద్దె. పద్దెనిమిదొందలు. మెట్లు రెండు.
పక్కింటామె వాకిట్లో కూర్చోని
దెబ్బ తగిలిన కాయల్ని వేరు చేస్తా ఉండాది.
మొగిలమ్మ అడిగింది.
ఆమె చెయ్యి ఆగలేదు.
"ముందర నన్ను లేపండి.
తలుపు గట్టిగా కొట్టాల, నాకు చెవుడు."
నోటుబుక్కులో ఇది ఏ గడిలో రాయాలో తెలీక
పెన్సిలు కొన కొరుకుతా నిలబడినా.

సామాను ముందే ఆటోలో పోయింది.
మేము బస్సులో.
కండక్టరు కొత్త పిల్ల. మిషను కొట్టి, ఆమె టిక్కెట్టిచ్చి,
"ఎనిమిది రూపాయలు దిగేటప్పుడు అడుగు తాతా" అనింది.
వెనకాల రాసింది,
అచ్చం నా రాత మాదిరే, ఎనిమిదో మూడో తెలీకుండా.

దిగినాము.
సంచి, క్యారియరు, మొగిలమ్మ మోకాలు,
ఒకటొకటిగా దించుకునే సరికి
బస్సు పీలేరు దారి పట్టింది.
దుమ్ము అణిగింది. టిక్కెట్టు నా చేతిలోనే ఉండాది.

ఇదే రోడ్డు మీద
నా విజిలు దూరమవుతుంటే వింటా
నేను రాసిచ్చిన అంకె పట్టుకోని
ఎంతమంది ఇట్లా నిలబడినారో.

"నిలబడితే రావు," అనింది మొగిలమ్మ,
"లెక్కలో రాయి."
రాసినా.
కొత్త ఊరు. మొదటి ఖర్చు: ఎనిమిది.